మిద్దె కూల్చుదామా, నిలుపుదామా?

పాతిల్లు బాగుచేసుకోవాలా, పడగొట్టి కొత్తది కట్టుకోవాలా అన్న తర్జనభర్జన ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. అనంతపురం మెట్ట మీద దానికి బరువెక్కువ. ఇక్కడ ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే, అదీ కాలం బాగుంటే. ఎండాకాలంలో 42 డిగ్రీలు మామూలు. ఎండనూ నీళ్లనూ లెక్కలోకి తీసుకోకుండా కట్టిన ఇల్లు ఎంత ఖర్చుపెట్టినా సుఖమివ్వదు.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. రాతి గోడలు, కొయ్య దూలాల మీద మట్టి కప్పు ఉన్న పాత మిద్దె. దాన్ని ఏం చేయాలన్నదే ఇక్కడి వాదం. మామ ఆ చుట్టుపక్కల ఇళ్లు కట్టి బతికిన మేస్త్రీ. అల్లుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, కాంట్రాక్టరుకు అప్పజెప్పకుండా తానే దగ్గరుండి ఇల్లు కట్టించుకోవాలనుకుంటున్నవాడు.

అల్లుడు: సూటిగా చెప్తాను మామా. మిద్దె పడగొడదాం. జేసీబీ వస్తే ఒక పూటలో చదునవుతుంది. పిల్లర్లు లేపి, స్లాబు వేసి, రేపు కావాలంటే పైన ఇంకో అంతస్తు వేసుకునేలా కడదాం. ఏటా చౌడు మోసి కప్పు మీద పోయడానికి మనుషులు దొరకడం లేదు. దూలాలకు చెదలు పట్టాయి. వాన పడిన రాత్రి అమ్మ కంటిమీద కునుకు ఉండదు.

మామ: మీయమ్మకు కునుకు లేని ఇంట్లో ఉండమని నేను చెప్పను అబ్బీ. పడగొట్టేముందు ఏది చెడిందో చూసినావా? చెడింది కప్పు. గోడ చెడలేదు. రెండడుగుల రాతి గోడ, కింద ఎర్రనేల, పునాది గట్టు మీద కూర్చోనుండాది. కప్పు చెడితే కప్పు మార్చాల. గోడనెందుకు కూలుస్తావు?

అల్లుడు: ఆ గోడ మీదే నాకు నమ్మకం లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి భూకంపం వచ్చింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్లు ఎలాంటివి? మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, కొయ్య మీద మట్టి కప్పు. మన మిద్దెల్లాంటివే. అక్కడ కూడా భూకంపం రాదనే అందరూ ధైర్యంగా ఉన్నారు.

మామ: ఆ మాట తీసిపారేసేది కాదు. అయితే చంపింది రాయి కాదు, రాయి పేర్చిన తీరు, పైనున్న మన్ను బరువు. రాతి గోడ చూసేదానికి ఒకటే. లోపల అది రెండు గోడలు. బయటి ముఖానికి ఒక వరస, లోపలి ముఖానికి ఒక వరస, నడుమ చిల్లరాళ్లు, మన్ను. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడుగు రాళ్లు అక్కడక్కడా వేయకుంటే, ఊపు వచ్చినప్పుడు రెండూ విడిపోయి చెరో పక్క పడతాయి. కిల్లారి తర్వాత ఇంజనీర్లు చెప్పింది కూడా అదే. పొడుగు రాళ్లు వేయండి, కప్పు మీద మన్ను తగ్గించండి, గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు పోయండి అని.

అల్లుడు: ఎప్పుడో కట్టిన గోడలో ఇప్పుడు పొడుగు రాళ్లు ఎలా దూరుస్తావు?

మామ: ఒక రాయి మెల్లగా పీకి, ఈ పక్క నుంచి ఆ పక్కకు బొక్క చేసి, రెండు కొసలా వంచిన కమ్మీ పెట్టి కాంక్రీటు నింపాల. మీటరుకొకటి చొప్పున. అన్ని బొక్కలూ ఒకేరోజు కొట్టగూడదు, ఒకటి గట్టిపడినాక పక్కది. కూలి ఎక్కువ, సామాను తక్కువ. దానికన్నా ముందు గోడ నిలకడ చూడాల. తాడుకు గుండు కట్టి పైనుంచి వదిలితే యాడ పొట్ట వచ్చిందో తెలుస్తాది. పొట్ట వచ్చిన చోట ఆ ముక్క విప్పి మళ్లీ కట్టాల్సిందే. పగుళ్ల మీద అడ్డంగా సిమెంటుతో గాజు ముక్క అంటించి తేదీ రాసిపెట్టు. ఒక వానాకాలం దాటినాక గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతాండాదని అర్థం. విరగలేదంటే అది పాత పగులు, పూడిస్తే సరిపోతాది.

అల్లుడు: మన్ను తగ్గించమంటున్నావు. ఏటా కొత్త చౌడు పోస్తేనే కదా కారకుండా ఉండేది?

మామ: పాతది గీకి కొత్తది పోస్తే కారదు, బరువూ పెరగదు. చౌడులో ఉప్పు గుణం ఉండాది. తడిస్తే ఆ మన్ను మెత్తగా విచ్చుకొని సన్న సందులన్నీ మూసేస్తాది, నీళ్లు కిందికి దిగవు. అందుకే మన పెద్దోళ్లు చేని మన్ను కాకుండా చౌడే తెచ్చి పోసినారు. గీకే ఓపిక లేక పాతదాని మీదే పోసుకుంటూ పోయిన మిద్దెలే వానరాత్రి కూలేది. నూరు చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం మన్ను పెరిగితే దాదాపు నాలుగు వందల కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ బరువు మోసేది చెదలు తిన్న దూలం.

అల్లుడు: అంటే మట్టి కప్పు తీసేయడానికి నువ్వూ ఒప్పుకున్నట్టే. అలుకు, చౌడు, సున్నం, ఈ చాకిరీ అంతా చేసింది ఇంట్లో ఆడవాళ్లు. మట్టి ఇల్లు చల్లగా ఉంటుందని మెచ్చుకునేవాళ్లలో ఎంతమంది ఆ మట్టి మోశారు? 1969లో మొదలైన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఈ జిల్లాలో వేల ఇళ్లు కట్టించింది. కొట్టాల్లో, అగ్గిభయంతో, వాన కారుతుంటే బతికినవాళ్లకు గట్టి ఇల్లంటే గౌరవం. అది డాబు కాదు. ఆ ఇళ్లు ఆడవాళ్ల పేరున రాయించడం కూడా ఆ గౌరవంలో భాగమే.

మామ: కాదనను. ఇల్లు మీయమ్మ పేరున పెట్టు, ఏటేటా మన్ను మోసే పని కూడా తీసేయి. కాని కప్పు తీసేదానికి ఒక పద్ధతి ఉండాది. జేసీబీతో లాగితే గోడలు పోతాయి. నవంబరు దాటినాక, వానలు వెనక్కిపోయినాక మొదలుపెట్టాల. ముందు మన్ను అంతా రెండు పక్కలా సమానంగా దించాల. తర్వాతే దంతెలు, ఆ తర్వాతే దూలాలు. ఒక్కో దూలం కొసను ఉలితో పొడిచి చూడు. గోడలో దాక్కున్న కొసే మొదట పుచ్చేది. నడుమ గట్టిగా ఉంటే కోసి వాకిళ్లకు, అటకకు వాడుకోవచ్చు. కప్పు మీది చౌడు మాత్రం మట్టి ఇటుకలకు వాడొద్దు, ఆ ఉప్పు గోడల్ని పొట్టులా రాలుస్తాది.

అల్లుడు: ఆ తర్వాత స్లాబు. ఇందులో నీకు అభ్యంతరం ఏముంది? బరువు లెక్క నేను వేశాను. తొమ్మిదంగుళాల మన్ను చదరపు మీటరుకు నాలుగు వందల కిలోలకు దగ్గర. ఐదంగుళాల స్లాబు మూడు వందల చిల్లర. గోడకు బరువు తగ్గుతుందే కాని పెరగదు.

మామ: బరువు సంగతి సరే. ఎండ సంగతి చెప్పు. ఒక్క అంతస్తు ఇంటికి ఎక్కువ ఎండ కప్పు మీదే పడతాది, గోడల మీద కాదు. మందపాటి మన్ను ఆ వేడిని కిందికి దిగనీకుండా నిలిపేది. ఐదంగుళాల స్లాబు పగలంతా కాగి రాత్రి పొద్దుపోయేదాకా ఇంట్లోకి వదులుతాది. నువ్వు ఏసీ పెట్టుకుంటావు. కరెంటు పోయిన రాత్రి మీయమ్మ ఏం చేస్తాది?

అల్లుడు: దానికి మందులున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమే తెచ్చింది. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుందన్నది దాని మూలం. స్లాబు మీద సున్నం వేస్తే చాలా తేడా ఉంటుంది. ఇంకా గట్టిగా కావాలంటే విరిగిన తెల్ల టైల్సు ముక్కలు పరిపించవచ్చు.

మామ: మన ఎర్రదుమ్ముకు రెండు నెలల్లో తెలుపు పోతాది. ఉగాదికి ముందు ఏటా సున్నం పూయాల. అది మన్ను మోయడమంత కష్టం కాదులే, ఒక పూట పని. దాంతోపాటు స్లాబులోనే సగం మందు పెట్టుకోవచ్చు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఒక పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చినాడు. స్లాబులో కింది సగం కాంక్రీటు కమ్మీలను పట్టుకోవడం తప్ప బరువు మోయదు. కమ్మీల నడుమ ఖాళీల్లో పాత మంగళూరు పెంకులు జంటగా బోర్లించి, పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటూ ఇసుకా తగ్గుతాయి, బరువూ తగ్గుతాది, పెంకుల నడుమ గాలి ఉండేదానికి వేడి కూడా తక్కువ దిగుతాది.

అల్లుడు: పెంకుల స్లాబు వేసిన మేస్త్రీ మన మండలంలో దొరుకుతాడా? తెలియనివాడితో వేయిస్తే ప్రమాదం.

మామ: నిజమే. కమ్మీల ఎడం ఎంతుండాల, పెంకులు యాడ పెట్టగూడదు అనేది ఇంజనీరు గీసిన కాగితంలో ఉండాల. అది లేకుంటే మామూలు స్లాబే వేసుకో. తెలియని గొప్ప పనికంటే తెలిసిన మామూలు పని మేలు. కాంక్రీటు అయితే పడదనే భ్రమ మాత్రం పెట్టుకోవద్దు. 2021 నవంబరు వానలకు కదిరిలో కూలింది మట్టి మిద్దె కాదు. పలు అంతస్తుల భవనం కూలితే పిల్లలతో సహా ప్రాణాలు పోయినాయి.

అల్లుడు: అందుకే నేను దగ్గరుండి చేయిస్తానంటున్నాను. ఏం చూసుకోవాలో చెప్పు.

మామ: మొదట నీళ్లు. కమ్మీ ఉండే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటగూడదని ఇంజనీర్ల నియమావళిలోనే ఉండాది. మన బోర్లలో చాలా నీళ్లు ఉప్పన. పరీక్ష చేయించకుండా వాడితే లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతాది, పెచ్చులు ఊడతాయి. రెండోది, నీళ్లు ఎంత కలుపుతారనేది. ఒక మూట సిమెంటుకు 25 నుంచి 27 లీటర్లు చాలు. పలుచగా ఉంటే పోసేవాళ్లకు సులువు, అందుకే ఇంకో బకెట్టు వేస్తారు. ఆ బకెట్టుతోనే బలం పోతాది. మూడోది, కమ్మీ నేరుగా చెక్క మీద కూర్చోగూడదు, కింద ముప్పావు అంగుళం బిళ్లలు పెట్టాల. నాలుగోది క్యూరింగు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది. మన ఎండకూ గాలికీ పద్నాలుగు రోజులు తడిపినా వృథా కాదు.

అల్లుడు: వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద రెండంగుళాల నీళ్లు నిలిపితే ఒక్కసారికే దాదాపు నాలుగువేల ఏడువందల లీటర్లు. ఎండకు ఆవిరైపోతే మళ్లీ పోయాలి. ట్యాంకరు ఖర్చు చూసుకున్నావా?

మామ: నీ వాదానికి ఎదురు చెప్పేది ఆ లెక్కే. తాగేదానికి బిందెలు వరసపెట్టే ఊర్లో పునాది నుంచి పై అంతస్తు దాకా అంతా కాంక్రీటుతో లేపితే ఎన్ని ట్యాంకర్లు కావాల? గోడలు ఉంచుకుంటే ఆ నీళ్లలో చాలావరకు మిగుల్తాయి. స్లాబుకు కూడా మడులు కట్టే బదులు గోనెపట్టాలు పరిచి తడుపు, పైన ప్లాస్టిక్ పట్ట కప్పు. డిసెంబరు, జనవరిలో పోస్తే ఎండ దెబ్బ ఉండదు. ఏప్రిల్‌లో మాత్రం స్లాబు పోయొద్దు.

అల్లుడు: ఇసుక?

మామ: పెన్న, వేదవతి, చిత్రావతి ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయే ఉంటాయి. కనపడని నీళ్లు ఆ ఇసుకలోనే దాగుంటాయి. ఇసుక పోతే గట్టున ఉండే బావులు ఎండుతాయి. 2002లో నీళ్లు, నేల, చెట్లను కాపాడేదానికి తెచ్చిన వాల్టా చట్టం ఇట్లాంటి తవ్వకాలను కూడా అదుపు చేస్తాది. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమన్నారు. ఉచితమని అవసరం లేని ఇసుక వాడితే నష్టపోయేది మన బోరే. కాంక్రీటుకు రాతిపొడి ఇసుక మంచిది దొరుకుతాది. ఫిల్టర్ ఇసుక అని మన్ను కడిగి అమ్మేది మాత్రం ముట్టుకోవద్దు. గాజు సీసాలో ఇసుక, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి పెట్టు. మూడు గంటలకు ఇసుక మీద పేరిన సన్న ఒండు మందం ఇసుక మందంలో ఎనిమిది శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపు.

అల్లుడు: సరే, పాత గోడలకు ఒప్పుకుందాం. కానీ వంటిల్లు, స్నానాలగది, ఇంకో పడకగది కొత్తగా కావాలి. వాటిని కూడా మట్టితో కట్టమంటావా?

మామ: పడకగది కట్టుకోవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో 1974లో ఆస్ట్రా అనే విభాగం పెట్టినారు. వాళ్లు మన ఎర్రమన్నుకే ఆరేడు శాతం సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి ఇటుకలు చేసే పద్ధతిని గట్టిగా నిలబెట్టినారు. బట్టీలో కాల్చే కట్టెలతో పని లేదు. కాని మన్నులో ఇసుక పాలు మూడింట రెండు వంతులు ఉండాల, బంక తక్కువుండాల. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990 నుంచి మట్టితో, రాయితో కట్టుకున్న ఇళ్లను పోయి చూడు. ఒకసారి చూస్తే సగం అనుమానం పోతాది.

అల్లుడు: వాళ్లకు అది జీవితం మామా. నాకు దొరికేది సెలవులు. ఇటుకలు ఆరబెట్టి, మూడు వారాలు తడిపి, వానకు కప్పి కాపాడేదెవరు? బ్యాంకువాడు మట్టి గోడ అంటే ముఖం తిప్పుకుంటాడు.

మామ: కాపాడే మనిషి లేకుంటే ఆ పని మొదలుపెట్టొద్దు, నేనే చెప్తాండా. కాల్చిన ఇటుక తెచ్చుకో. బేకర్ కట్టించినట్టు నిలువు ఇటుకలతో లోపల గూళ్లు వదిలి కడితే నాలుగోవంతు ఇటుక మిగుల్తాది, ఆ గూళ్లలో గాలి వేడిని ఆపుతాది. స్నానాలగది, వంటగట్టు దగ్గర మాత్రం మామూలు గట్టి గోడే కట్టు, పైపుల కోసం గూళ్ల గోడ చెక్కితే చెడిపోతాది. ఇంగోటి, ఈ సలహా అంతా మన ఎర్రనేలకు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి మీద నేను ఈ మాట చెప్పను. ఆ నేల వానకు ఉబ్బుతాది, ఎండకు చీలుతాది. అక్కడ కదిలేది పునాదే. ఇంజనీరు చూడకుండా పాత గోడ మీద కొత్త కప్పు వేయగూడదు.

అల్లుడు: పాత గోడలకు సిమెంటు పూత వేస్తే బలంగా ఉంటుంది కదా?

మామ: చూసేదానికే బలం. మట్టితో పేర్చిన గోడ నేలలోని తేమను లాగి గాలికి వదులుతాండాది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తాది. తేమ లోపలే ఉండి మన్నును మెత్తబరుస్తాది, రెండేండ్లకు పూత పలకలుగా ఊడతాది. రాళ్ల సందుల్లో సున్నం నింపు, లోపల సున్నం పూత వేయి. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరిచి వాననీళ్లు గోడ మొదట్లో నిలవకుండా చూడు. పాత కప్పులో గవాచి, అంటే వెలుతురుకూ గాలికీ వదిలిన బొక్క, ఉన్నచోట స్లాబులో చిన్న కిటికీ వదులు. వేడిగాలి పైకే కదా పోయేది.

అల్లుడు: ఇప్పుడు నా వైపు మాట ఒకటి విను. నీకు కప్పు అంటే నీడ. నాకు కప్పు అంటే నీళ్లు కూడా. మట్టి కప్పు మీద వాననీళ్లు మురికి. స్లాబు మీద పడితే తాగొచ్చు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 55 వేల లీటర్లు. పారేది, ఆవిరయ్యేది తీసేసినా 44 వేలు చేతికొస్తాయి. ఐదుగురికి తాగేందుకు, వండేందుకు రోజుకు పాతిక లీటర్లు చాలు. ఏడాదికి తొమ్మిది వేల చిల్లర. పదివేల లీటర్ల తొట్టి కడితే సగం వానే కురిసిన ఏడు కూడా గడుస్తుంది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది, అది కాస్తే పోదు. పిల్లల పళ్లు, పెద్దల మోకాళ్లు చూస్తూనే ఉన్నాం.

మామ: ఇది మంచి మాట. ఈ లెక్క కోసమైనా స్లాబు వేయాల్సిందే. అయితే ఆ తొట్టి కట్టే తీరు జాగ్రత్త. తొలి వాన తొట్టిలోకి పోగూడదు, దుమ్మూ పిట్టల రెట్టా అంతా దాంట్లోనే వస్తాది. దాన్ని బయటికి వదిలే పైపు, తర్వాత జల్లెడ, ఆ తర్వాతే తొట్టి. వెలుతురు సోకకుండా మూత బిగించాల, లేకుంటే పాచి. పైపు నోటికి దోమతెర కట్టాల. తాగేముందు కాచి చల్లార్చుకోవాల. మిగిలిన నీళ్లు గోడకు దూరంగా ఇంకుడుగుంతకు వదులు.

అల్లుడు: అంటే ఇద్దరం కలిసిన చోట్లు ఇవి. గోడలు ఉంచుతాం. మీటరుకొక కాంక్రీటు కట్టు వేస్తాం. పైన బెల్టు పోసి, ఇంజనీరు గీసిన స్లాబు వేస్తాం. నెత్తిన తెల్ల సున్నం, కింద వాననీళ్ల తొట్టి. తేలనిది పై అంతస్తు. నాకు అది కావాలి. తమ్ముడికీ వాటా ఉంది.

మామ: పాత గోడ మీద మాత్రం కాదు. అది ఒక్క కప్పు మోస్తాది, రెండో అంతస్తు మోయదు. పై అంతస్తు కావాలంటే కొత్త గదుల పక్క పిల్లర్లు లేపు, దాని పునాది దానిదే. పాతదానికి ఆనించొద్దు, నడుమ రెండంగుళాల సందు వదులు, ఆ సందు మీద వాన దిగకుండా రేకు మడత పెట్టు. రెండు రకాల గోడలు రెండు రకాలుగా కుంగుతాయి. కలిపి కడితే పగిలేది ఇంటి నడుమనే.

అల్లుడు: అలా అయితే పిల్లర్ల పునాది ఇప్పుడే వేయించి, పైది డబ్బు చేరినప్పుడు చూస్తాను. తడవకుండా కమ్మీలు ఎలా కాపాడాలి?

మామ: పైకి పొడుచుకొచ్చిన కమ్మీలకు సిమెంటు పాలు పూసి, పలుచగా కాంక్రీటు తొడుగు వేసిపెట్టు. పదేండ్లు ఎండకూ వానకూ వదిలేసిన కమ్మీ మీద ఇల్లు లేపగూడదు. ఇంగ డబ్బు లెక్క వరస రాసుకో. ముందు ఇంజనీరు కాగితం, నీళ్ల పరీక్ష. తర్వాత గోడ మరమ్మతు, బెల్టు, స్లాబు. దాని వెంటనే తొట్టి. టైల్సు, ఫాల్స్ సీలింగు, ముందరి ఎలివేషను చివర్న. చాలామంది చివర్న రావాల్సింది ముందు కొని, తొట్టి దగ్గరికొచ్చేసరికి డబ్బు లేదంటారు.

అల్లుడు: నేలకు మాత్రం నేను టైల్సే వేస్తాను మామా, అందులో నీ మాట వినను.

మామ: తాడిపత్రి బండలు తక్కువ ధరకు దొరుకుతాయి, కాలికి చల్లగా ఉంటాయి, విరిగితే ఒక్క బండ మార్చుకోవచ్చు. అయినా అది నీ ఇష్టం, నీ ఇల్లు. తొట్టి నిండినాక టైల్సు కొను, నేనే వచ్చి పరుస్తా.